రాకపోతే ఫిట్టే

శ్రీహరిపురం, విశాఖపట్నం
ఆగస్టు

నరేష్ బావకి,

ఫోన్ చేసేవంట, మీ అక్క చిట్టెమ్మ సెప్పింది. ఎత్తలేదని ఏటీ అనుకోకు. మాట్లాడితే దగ్గొచ్చీస్తంది. దగ్గు మొదలైతే నీ మాట నాకు ఇనబడదు, నా మాట నీకు ఇనబడదు. టైపు కొడితే దగ్గు రాదు. అందుకని రాస్తన్నాను. ఈ మెయిలు ఐడీ ఫోను షాపోడు పెట్టిందే, ఇన్నాళ్ళూ ముట్టలేదు. మేనమామ కొడుకువి, తప్పులుంటే సర్దుకో.

పని మానీసేను. మానీసేను అనడం కంటే మెట్లు ఎక్కలేకపోతన్నాను అంటే సరిపోతాది. ముందు టీబీ అని మందులు మింగించేరు. తగ్గలేదు. పెద్దాసుపత్రికి ఎల్తే డాక్టరమ్మ ఎక్స్‌రే లైటు మీద పెట్టి, ఏం పని చేస్తావు అని అడిగింది. ఓడలకి బ్లాస్టింగ్ అన్నాను. తుప్పు ఊడ్డానికి గొట్టంతో ఇసక కొడతామని సెప్పేను. ఊపిరితిత్తుల్లో ఆ ఇసక దుమ్మే పేరుకుపోయిందంట. నయం సేసే మందు లేదంట. "ఈ పనివాళ్ళకి ఎక్స్‌రేలు తియ్యాలే, ఎప్పుడూ తియ్యలేదా?" అంది.

తీసేరు బావ. పోయినేడు ఎండల్లో యార్డు గేటు కాడికి ల్యాబు వేను వొచ్చింది. గేంగు మొత్తాన్ని నిలబెట్టి తీసేరు. మా సూపర్‌వైజరు శ్రీరామ్మూర్తి ఆరోజు సెప్పేడు: "రిపోర్టులు మెయిల్లో వొస్తాయిరా. ఏదైనా తేడా ఉంటేనే పంపుతారు. రాకపోతే ఫిట్టే." ఎవులికీ రాలేదు. మనవి ఇనప గుండెలురా అని నవ్వుకున్నాం. మా తమ్ముడు సత్యం గేంగందరికీ బజ్జీలు పెట్టించేడు.

నువ్వు పుణెలో మెయిళ్ళ సర్వర్లే కదా సూస్తావు. ఒక్కటి తేల్చి సెప్పు. వాళ్ళు పంపేరా, పంపలేదా? పంపకపోతే వాళ్ళ తప్పు. పంపితే సూసుకోనిది నాను.

సత్యం ఇంకా బ్లాస్టింగ్‌లోనే ఉన్నాడు. మానరా అంటే "నాకేటీ రాలేదు కదన్నా, నాను ఫిట్టే" అంటన్నాడు. వాడ్ని ఆ పన్లోకి తెచ్చింది నానే. అది నీకూ తెలుసు.

ఎల్లారావు


పుణె
ఆగస్టు

ఎల్లారావు బావకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మందు లేదన్న మాట ఒక్క డాక్టరుతో వదిలెయ్యొద్దు. ఇంకొకరికి కూడా చూపించుకో. సెలవు దొరికితే నేను వస్తాను.

అడిగిన సంగతి తేలాలంటే నాకు ఒకటి తెలియాలి. ఎక్స్‌రే రోజు ఫారంలో నీ మెయిల్ అని ఏం రాశావు? ఇప్పుడు రాస్తున్న ఈ ఐడీయేనా? గేటు పాసు కాగితాల మీద ఏముందో కూడా చూడు. ఊహించి చెప్పొద్దు, కాగితం చూసి చెప్పు.

సత్యాన్ని అడిగానని చెప్పు. బజ్జీల సంగతి నాకు చెప్పనేలేదు వాడు.

నరేష్


శ్రీహరిపురం, విశాఖపట్నం
సెప్టెంబరు

నరేష్ బావకి,

కాయితం సూసేను. మెయిలు అన్న కాడ ఉన్నది నాది కాదు. గేంగులో ఎవులిదీ కాదు. వన్ టౌన్‌లో నెట్ సెంటర్ గురునాథరావుది.

పాసు ఫారాలు అతని కాడే కొట్టించుకుంటాం. యార్డోళ్ళు ఆ పాసు వివరాలే ల్యాబోళ్ళకి ఇచ్చేరంట. సత్యాన్ని తోడు తీసుకుని బస్సెక్కి ఎల్లేను. సందులో ఆటో దూరదు, దిగి నడిసేను, మధ్యలో ఉల్లిపాయల గొడౌను అరుగు మీద కూకున్నాను. అక్కడ జరిగింది జరిగినట్టు రాస్తన్నాను, నీకు పనికొస్తాదని.

"ఏటి బావ, పాసు రెన్యువలా?" అన్నాడు గురునాథరావు.

"కాదు, మా మెయిలు సూడాల."

"మీ మెయిలేటి, అది నా మెయిలు. ఆ బాక్సు నింపకపోతే ఫారం ముందుకెళ్దు. మీలో ఎవుడికుంది మెయిలు? నాది కొట్టేను. యార్డు గేటు కాడ సగం మంది నా ఐడీ మీదే బతుకుతన్నారు తెలుసా?"

తెరిసేడు. పైన ఎర్రగీత. పెట్టె నిండిపోయిందంట. స్కానింగులు, పెళ్ళి ఆల్బమ్ ఫొటోలు, ఎవులివో మార్కుల లిస్టులు. ఎప్పుడు నిండిందంటే తెల్దు. కిందకి తిప్పి సూసేడు, ఆఖరు మెయిలు పోయినేడు సంక్రాంతి ముందరిది. అంటే వేను రాకముందే నిండిపోయింది.

"ఇన్నాళ్ళూ మెయిళ్ళు రావట్లేదని నీకు తెల్దా?" అన్నాను.

"రానిది రాలేదని ఎలగ తెలుస్తాది బావ? నువ్వే సెప్పు."

సత్యం పక్కన నిలబడి "కరెక్టే కదన్నా" అని నవ్వేడు. నాకు నవ్వు రాలేదు, దగ్గొచ్చింది. గురునాథరావు మంచినీళ్ళు తెచ్చిచ్చేడు. మంచోడే బావ. తిట్టడానికి నోరు రాలేదు.

ఎల్లారావు


పుణె
సెప్టెంబరు

బావకి,

తేలింది. పంపారు. అందలేదు. అందలేదన్న సంగతి కూడా వాళ్ళకి తిరిగొచ్చింది. దాన్ని పారేశారు.

ఎలాగో చెబుతాను. మెయిల్ మీద పంపినవాళ్ళ చిరునామా రెండుచోట్ల ఉంటుంది. ఒకటి నువ్వు తెరిచినప్పుడు కనిపించేది. రెండోది కవరు మీద ఉన్నట్టు ఉంటుంది, అది సర్వర్లు మాత్రమే చూస్తాయి. మెయిల్ అందకపోతే తిప్పి పంపాల్సింది ఆ రెండో చిరునామాకి. గురునాథరావు పెట్టె నిండి ఉంది కాబట్టి అక్కడి సర్వర్ తీసుకోనంది. వెంటనే "ఫలానా ఉత్తరం అందలేదు, పెట్టె నిండింది" అని ఒక చీటీ ల్యాబు చిరునామాకి బయల్దేరింది. మేం దాన్ని బౌన్స్ అంటాం. ఆ చీటీకి మాత్రం కవరు మీద పంపినవాళ్ళ చిరునామా కావాలనే ఖాళీగా వదులుతారు. లేకపోతే చీటీ అందలేదని ఇంకో చీటీ, దానికి మరో చీటీ, రెండు సర్వర్లూ ఆగకుండా ఒకదానికొకటి రాసుకుంటూ ఉంటాయి.

చెత్త మెయిళ్ళు పంపే దొంగలు కూడా కవరు మీద ఆ చిరునామా ఖాళీగా ఉంచుతారు. ల్యాబులో చెత్త ఎక్కువైందని ఎవరో ఒక రూలు పెట్టారు: కవరు మీద పంపినవాళ్ళ చిరునామా లేనిది ఏదొచ్చినా చూడకుండా పారెయ్. చెత్త ఆగిపోయింది. అందరూ సంతోషించారు. రిపోర్టుల చీటీలూ అందులోనే పోయాయి.

నేను ల్యాబుకి రాసిన మెయిళ్ళకి జవాబు రాలేదు. ఫోన్ మీద ఫోన్ చేస్తే యశస్విని అనే అమ్మాయి దొరికింది. కొత్తగా చేరింది. ముందు "అన్నీ సెంట్ అని చూపిస్తోంది సార్" అంది. సెంట్ సరే, తర్వాత ఏమైందో చూడమన్నాను. మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. మీ గేంగుకి పంపినవన్నీ తిరిగొచ్చాయి, అన్నీ ఆ రూలుకే పోయాయి. రూలు పెట్టిన మనిషి ఉద్యోగం మారిపోయాడట.

ఇంకో సంగతి. ల్యాబువాళ్ళు తేడా ఉన్నవాళ్ళకే కాదు, ఫిట్టయినవాళ్ళకీ పంపారు. రాకపోతే ఫిట్టే అన్నది శ్రీరామ్మూర్తి సొంత మాట. గేంగులో ఒక్కరికీ ఏమీ రాలేదంటే, అప్పుడే ఎక్కడో దారి తెగిందని అర్థం. కానీ అలా ఆలోచించాలని మీకెలా తెలుస్తుంది?

మా ఆఫీసు సర్వర్లు కూడా తెరిచి చూశాను. అలాంటి రూలే ఒకచోట ఉంది. తీసేశాను.

ఎవరి రిపోర్టు వాళ్ళు అడిగితే యశస్విని మళ్ళీ పంపుతుందట. ఫోను షాపువాడు పెట్టిన ఐడీ నమ్మొద్దు, దాని తాళం వాడి దగ్గర ఉంది. నా సొంత సర్వర్ మీద నీ పేరుతో ఒక పెట్టె తెరిచాను. వివరాలు మెసేజ్‌లో పంపాను, సత్యం చేత ఫోన్‌లో పెట్టించుకో. ఈ సర్వర్‌కి తిరిగొచ్చే చీటీలన్నీ నా దగ్గరికే వస్తాయి. ఒక్కొక్కటీ నేనే చూస్తాను.

నరేష్


శ్రీహరిపురం, విశాఖపట్నం
అక్టోబరు

నరేష్ బావకి,

కొత్త పెట్టెలోకి నా రిపోర్టు వొచ్చింది. పోయినేటిదే. ఇంగ్లీషులో ఉంటే పక్కింటి టీచరుగారి చేత సదివించేను. ఆవిడ సదివి, మళ్ళీ ఒకసారి లోపల సదూకుని, అప్పుడు సెప్పింది. దుమ్ము పని నుంచి ఎంటనే తప్పించాలని రాసుందంట. తొలి దశలో ఉందంట.

తొలి దశ అంట బావ. ఆ కాయితం తయారయ్యేక నాను ఎన్ని ఓడలు కొట్టేనో లెక్కెట్టడం మొదలెట్టేను. మధ్యలో ఆపీసేను.

ట్యాంకులోకి దిగితే ఎలగుంటాదో నీకెప్పుడూ సెప్పలేదు కదా. ఓడ అడుగున గదుల్లాగ ఉంటాయి, మనిషి పట్టేంత కన్నం. తలకి గుడ్డ, దాని మీద హుడ్డు, గాలి గొట్టం. గొట్టంలో గాలి సగం రోజులు రాదు. పక్కోడు కనబడడు, వాడి లైటు కనబడతాది. బయటికొచ్చేక ఉమ్మేస్తే నల్లగా పడతాది. అది పడిందంటే లోపల ఏటీ లేదని అనుకునేవోళ్ళం.

ఇప్పుడు సత్యం సంగతి. వాడి రిపోర్టు అడగరా అని పట్టుకున్నాను. ఇద్దరం గట్టిగా అరుసుకున్నాం. నాను అరిసింది తక్కువే.

"అడిగేనని శ్రీరామ్మూర్తికి తెలిస్తే పాసు ఆపీస్తాడు. నీకు పని లేదు, నాకూ లేకపోతే ఇల్లెలగ?" అన్నాడు.

"ఒరే, నాకొచ్చిందే నీకూ వొచ్చుంటాది."

"నువ్వు బీడీలు కాల్సేవు, నాను కాల్సలేదు. అయినా నాకేటీ రాలేదు."

"నాకూ రాలేదురా!"

"నీకు ఇప్పుడొచ్చింది కదా" అని, టిఫినుడబ్బా పట్టుకుని ఎళ్ళిపోయేడు. కొత్త ఓడ వొచ్చింది, ట్యాంకుల పని.

నువ్వు ఆ అమ్మాయిని అడుగు. వాడి పేరున నాను అడుగుతన్నానని సెప్పు. ఏటొచ్చినా నాకు రాయి. కాయితం సూపిస్తే గాని దిగడం మానడు.

ఎల్లారావు


పుణె
అక్టోబరు

బావకి,

మెయిల్ అందింది. ఇక్కడ ఇంకా వానలు ఆగలేదు. ఆఫీసులో రెండు సర్వర్లు మారుస్తున్నాం, ఇంటికి వచ్చేసరికి పొద్దుపోతోంది.

ఆక్సిజన్ మిషన్ గురించి కనుక్కున్నాను. అద్దెకి కూడా ఇస్తారట, గాజువాకలో ఒకాయన ఉన్నాడు, నంబరు అక్కకి పంపాను. కరెంటు పోయినప్పుడు ఏం చెయ్యాలో అతన్నే అడగమను. పడుకునేటప్పుడు తల ఎత్తుగా పెట్టుకో. అక్క చేత ఆవిరి పట్టించుకుంటున్నావా? డాక్టరు వద్దంటే వద్దు.

సత్యం ఫోన్ చేశాడు. ఈ ఓడ అయ్యాక పెయింటింగ్ గేంగులోకి మారతానని నాతో అన్నాడు. పెయింటింగ్ బయటి పనే కదా. మాట ఇచ్చాడు. నువ్వు వాడితో గొడవ పడకు, నీకు ఆయాసం వస్తుంది.

నరేష్


శ్రీహరిపురం, విశాఖపట్నం
నవంబరు

నరేష్ బావకి,

మిషన్ వొచ్చింది. రాత్రుళ్ళు గుర్రుమంటాది. చిట్టెమ్మకి నిద్ర లేదు.

సత్యం రిపోర్టు ఏటయ్యింది?

ఎల్లారావు


పుణె
నవంబరు

బావకి,

మిషన్ గోడకి ఆనించకుండా పెడితే శబ్దం తగ్గుతుంది. కింద పాత దుప్పటి మడిచి పెట్టమను. నెలాఖరుకి టికెట్ చూస్తున్నాను, దొరికితే వస్తాను. అక్కని నిద్రపోమను, పగలు సత్యం భార్యని కూర్చోమని చెప్పు.

నరేష్


శ్రీహరిపురం, విశాఖపట్నం
నవంబరు

బావ,

ఏలు కదపడానికీ ఆయాసమే. కొంచెమే రాస్తాను.

నువ్వు మిషన్ గురించి రాసేవు. దుప్పటి గురించి రాసేవు. అడిగినదానికి రాయలేదు.

నీ సంగతి నాకు తెల్దా? చిన్నప్పుడు పరీక్ష పోతే అన్నం ఎక్కువ తినేవోడివి. మంచి మాటైతే ఎంటనే సెప్పుందువు. ఆ అమ్మాయి నీకు పంపే ఉంటాది.

రాకపోతే ఫిట్టే అని నమ్మినోడ్ని. ఇంక నమ్మను. నీ కాడ్నించి రాలేదంటే వాడికీ ఉందనే.

ఉన్నదున్నట్టు రాయి. వాడ్ని కూకోబెట్టి నానే సెప్తాను. నువ్వు సెప్తే నవ్వేస్తాడు, నాను సెప్తే ఏడుస్తాడు. ఏడిస్తే మానేస్తాడు.

బేగి రాయి.


పుణె
నవంబరు

బావకి,

నువ్వు అన్నది నిజం. సత్యం రిపోర్టు నా దగ్గర ఉంది. దసరా వెళ్ళిన వారమే యశస్విని పంపింది. "ఆయనకి అందించండి సార్, మళ్ళీ ఎక్కడా ఆగకూడదు" అని రాసింది. నా దగ్గర ఆగింది.

రెండు ఊపిరితిత్తుల్లోనూ పైభాగాన మచ్చలున్నాయి. నీ పోయినేటి రిపోర్టులో ఉన్నవే, కొంచెం తక్కువగా. దుమ్ము పని వెంటనే మానాలి, ఆరు నెలలకి మళ్ళీ ఎక్స్‌రే తియ్యాలి అని రాశారు. ఆ ఆరు నెలలు ఎప్పుడో అయిపోయాయి.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే నీకేమవుతుందో అని. సత్యానికి ఎందుకు చెప్పలేదంటే, నిన్ను ఆసుపత్రికి ఎత్తుకుని తిప్పుతున్నది వాడే, వాడు కూడా కూలబడితే ఎవరున్నారని. ఈ ఓడ అయ్యాక ఎలాగూ మారతానన్నాడు కదా, అప్పుడు చెబుదామనుకున్నాను. ఆ ఓడలో ఇంకా ఎన్ని ట్యాంకులున్నాయో నేను అడగలేదు. తిరిగొచ్చిన చీటీని చూడకుండా పారేశారని ల్యాబు మీద మండిపడ్డాను. నేను చూశాను. చూసి పెట్టుకున్నాను.

నీ మెయిల్ వచ్చాక కూడా రెండు రోజులు ఆగాను. అది కూడా రాస్తున్నాను.

రిపోర్టు దీంతో జతచేశాను. వాడికి చూపించు. శనివారం బండికి బయల్దేరుతున్నాను. వచ్చాక ఇద్దరం కలిసి శ్రీరామ్మూర్తి దగ్గరికి వెళ్దాం, గేంగందరి రిపోర్టులూ అడుగుదాం.

నరేష్


శ్రీహరిపురం, విశాఖపట్నం
డిసెంబరు

నరేష్ బావకి,

సత్యం రాస్తన్నాను. అన్న ఫోన్లోంచి, అన్న పెట్టెలోంచి.

అన్న నెల మాసికానికి ఫ్లెక్సీ కొట్టించాలని మంచి ఫొటో కోసం ఫోను తెరిసేను. ఫొటోలు తక్కువున్నాయి. ఒకటి గేటు కాడ ఎక్స్‌రే రోజుది, అందరం నవ్వుతన్నాం, అదే ఇచ్చేను. పైన మెయిలు గుర్తు మీద ఒకటి అని ఉంది. నొక్కేను. నీ ఉత్తరం. ఎవులూ తెరవలేదు.

నువ్వు పంపిన రాత్రికి అన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయేం. ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉండిపోయింది. తెల్లారేక అయిపోయింది. అది నీకు తెలుసు.

నీకు తెల్దని ఒకటి రాస్తన్నాను. అంతకు ముందు రెండు రోజులూ అన్న వొదిన్ని అడుగుతానే ఉన్నాడంట, "నరేష్ కాడ్నించి ఏటైనా వొచ్చిందేటే" అని. వొదిన ఫోను సూసి రాలేదనేదంట. రెండో రోజు సాయంత్రం కూడా రాలేదంటే, "సర్లే, అర్థమయింది" అని గోడవైపు తిరిగిపోయేడంట. ఏటి అర్థమయిందో వొదినకి తెల్దు. ఇది సదివేక నాకు తెలిసింది.

నువ్వొచ్చేవు. పాడె పట్టేవు. రాత్రి అరుగు మీద నా పక్కనే కూకున్నావు. నా ఈపు నిమిరేవు. పుణె ఎళ్ళిపోయినప్పుడు స్టేషను కాడ "జాగ్రత్తరా" అన్నావు. ఈ మాట మాత్రం సెప్పలేదు బావ. నాను అన్న దినాలైపోయేక మళ్ళీ ట్యాంకులోకి దిగేను. నాలుగు రోజులు దిగేను.

తిట్టడానికి రాయలేదు. ఇది సదివిన రోజే పని మానీసేను. ఎక్స్‌రేకి ఎల్తాను. ఎన్ని ఆసుపత్రులు తిరిగినా మచ్చలు పోవని తెలుసు, అన్నని సూసేను కదా.

గేంగోళ్ళకి సెప్పేను. ఒక్కడూ నమ్మలేదు. గురునాథరావు పాపం పెట్టె మొత్తం ఖాళీ సేసేడు. ఇప్పుడు డ్యూటీకి ఎల్లేముందు రోజూ ఒకడు వన్ టౌన్ ఎల్లి సూసొస్తన్నాడు. ఏటీ రాలేదు. ఎవుడూ అడగందే ల్యాబోళ్ళెందుకు పంపుతారు? రాలేదు కాబట్టి బాగానే ఉన్నామని దిగిపోతన్నారు. నాను గేటు బయట నిలబడి సూస్తన్నాను. శ్రీరామ్మూర్తి నన్ను సూసి మొహం తిప్పుకుంటన్నాడు.

ఒక్కొక్కడి ఇంటికీ ఎల్లి, అడుగుతన్నామని సంతకం పెట్టించుకుంటన్నాను. ఇద్దరు పెట్టేరు. వాళ్ళవి ఈ అన్న పెట్టెకే పంపమని ఆ అమ్మాయికి సెప్పు. మూసీకు ఈ పెట్టెని. అన్న పేరున ఉండనీ.

ఏదైనా తిరిగొస్తే నీ కాడికే వొస్తాది అన్నావు కదా. సూసి దాసీకు బావ. ఆరోజే సెప్పు.

సత్యం